రెండు వాక్యాల వార్త, దాని వెనుక ఆధారం



2022 జూలైలో గోదావరికి వచ్చిన పెద్ద వరద మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెల 16వ తేదీన భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటింది. అదే వరదకు ఎగువన మహారాష్ట్రలోని సిరోంచ తాలూకా గ్రామాలు నీట చిక్కుకున్నాయి. దిగువన, సముద్రానికి చేరువలో, యానాం వీధుల్లోకి నీరు వచ్చింది. నది ఒక్కటే, వరద ఒక్కటే. కానీ సిరోంచ ఒక రాష్ట్రం, భద్రాచలం మరో రాష్ట్రం, యానాం పుదుచ్చేరి పాలనలోని ప్రాంతం. పత్రికల జిల్లా పేజీలేమో రాష్ట్రం హద్దు దగ్గర ఆగిపోతాయి. సిరోంచలో ఉన్నవారికి యానాంలోని చుట్టాల సంగతి, యానాంలో ఉన్నవారికి సిరోంచ సంగతి ఒకే చోట తెలియాలంటే ఎలా?

సరిహద్దు జిల్లాల్లో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువారికి ఇది కొత్త ఇబ్బంది కాదు. కోలారు, పావగడలో ఉన్నా, హోసూరులో ఉన్నా, షోలాపూర్‌లో ఉన్నా, పర్లాకిమిడి, రాయగడలో ఉన్నా మన వార్త సగం ఒక భాషలో, సగం మరో భాషలో ఉంటుంది. ఈ రెండు సగాలనూ ఒకచోట చేర్చడానికి ఇవాళ మనకు అందుబాటులో ఉన్న ఒక సాధనం గురించి ఈ ప్రసంగంలో ముచ్చటించుకుందాం. అదే ఇంటర్నెట్‌లోని సంక్షిప్త వార్తల పుట.

సంక్షిప్త వార్తలంటే రేడియో శ్రోతలకు వేరే వివరించనక్కరలేదు. ముఖ్యాంశాలు విననిదే మనకు రోజు గడవదు. ఇంటర్నెట్‌లో ఇలాంటి సేవలు రెండు రకాలు. మొదటి రకంలో ఒక సంస్థ వార్తను కుదించి మనకు అందిస్తుంది. 2013లో మొదలై, 60 మాటల్లో వార్త చెప్పే పద్ధతితో పేరు తెచ్చుకున్న ఇన్‌షార్ట్స్ అలాంటిది. అక్కడ మన పని చదవడమే. రెండో రకంలో చదివేవారే రాస్తారు, తప్పులు దిద్దుతారు. దీనికి మంచి ఉదాహరణ వికీపీడియాలోని వర్తమాన ఘటనల పుట. వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. రుసుము లేదు, చందా లేదు. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా రాయవచ్చు.

ముందుగా ఇంగ్లీషు పుట ఎలా ఉంటుందో చూద్దాం. ప్రతి తేదీకీ ఒక గడి ఉంటుంది. అందులో యుద్ధాలు, దాడులు ఒక శీర్షిక. విపత్తులు, ప్రమాదాలు ఒక శీర్షిక. వ్యాపారం, ఆరోగ్యం, న్యాయం, రాజకీయాలు, విజ్ఞానం, క్రీడలు, ఇలా విడివిడి శీర్షికలు. ప్రతి శీర్షిక కింద ఒక్కో వార్త ఒకటి రెండు వాక్యాల్లో ఉంటుంది. వాక్యం చివర కుండలీకరణాల్లో ఆ వార్త ఇచ్చిన పత్రిక పేరో, వార్తాసంస్థ పేరో ఉంటుంది. ఆ పేరు మీద నొక్కితే అసలు వార్త తెరుచుకుంటుంది.

ఆ కుండలీకరణాల్లోని చిన్న పేరే ఈ పుటకు ప్రాణం. మన ఫోన్లలోకి వచ్చిపడే వాట్సాప్ సందేశాలకూ దీనికీ తేడా అక్కడే ఉంది. "ఆనకట్ట తెగిందట, వెంటనే పదిమందికి పంపండి" అని ఒక సందేశం వస్తుంది. ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఏ ఆనకట్ట? దేనికీ జవాబు ఉండదు. వర్తమాన ఘటనల పుటలో అలాంటి వాక్యం ఆధారం లేకుండా చేరితే మరొకరు వచ్చి తీసివేయగలరు. ఎవరు చేర్చారో, ఎవరు తీశారో, ఎన్ని గంటలకు తీశారో "చరిత్ర" అనే మీట నొక్కితే మొత్తం కనిపిస్తుంది.

కనుక ఈ పుటను వాడుకునేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. వాక్యం చదివి ఊరుకోకండి. చివరనున్న ఆధారం తెరవండి. తేదీ చూడండి. ఆధారంలో ఉన్నదీ, వాక్యంలో ఉన్నదీ ఒకటేనా అని సరిచూడండి. సారాంశం అద్దంలో కొండ వంటిది. కొండ ఆకారం తెలుస్తుంది గానీ దాని మీద దారులు కనిపించవు.

ఇక రాయడం సంగతి. ముందు తెలుగు వికీపీడియాలో ఖాతా తెరవండి. అసలు పేరే ఇవ్వాలన్న నియమం లేదు. రాయడం నేర్చుకోవడానికి "ప్రయోగశాల" అని ఒక పుట ఉంది. అక్కడ ఏం రాసినా ఎవరూ ఏమీ అనుకోరు. సందేహాలు అడగడానికి "రచ్చబండ" ఉంది. పేరుకు తగ్గట్టే అది పదిమందీ కూర్చుని మాట్లాడుకునే చోటు. తెలుగు టైపు రాదని వెనుకాడనక్కరలేదు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు అక్షరాలు వచ్చే సౌకర్యం అందులోనే ఉంది. చేయి తిరిగాక, ఇంగ్లీషు బాగా వచ్చినవారు అదే ఖాతాతో ఇంగ్లీషు పుటలోనూ రాయవచ్చు.

ఒక వార్త చేర్చేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏం జరిగింది? ఎక్కడ? ఎప్పుడు? ఎవరు చెప్పారు? వీటికి జవాబు రెండు వాక్యాల్లో ఇమడాలి. తేదీ విషయంలో ఒక మెలకువ అవసరం. ఉదయం పత్రికలో వచ్చేది సాధారణంగా నిన్నటి సంఘటన. పత్రిక తేదీ కింద కాక, సంఘటన జరిగిన తేదీ కిందే రాయాలి. పత్రికలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాయకూడదు. విషయం అందరిదీ కావచ్చు, వాక్యం మాత్రం ఆ పత్రికదే. చదివి, పక్కన పెట్టి, సొంత మాటల్లో రాయండి. బడిలో పిల్లలకు సంక్షిప్తలేఖనం నేర్పే పద్ధతీ ఇదే కదా!

భాష గురించి ఒక మాట. ఇంగ్లీషు పుటలో జరిగిపోయిన సంఘటనను కూడా వర్తమాన కాలంలో రాయడం ఆనవాయితీ. దాన్ని తెలుగులోకి అలాగే దించితే "తుఫాను తీరం దాటుతుంది" అని వస్తుంది. వినేవారు రేపు దాటబోతుందని భయపడతారు. తెలుగులో "దాటింది" అనే రాయండి.

ఇప్పుడు మన సరిహద్దు వార్తల్లోని అసలు చిక్కుకు వద్దాం. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాకూ ఆంధ్రప్రదేశ్‌కూ నడుమ కొటియా గ్రామాలు ఉన్నాయి. 21 గ్రామాల ఈ సముదాయం తమదంటే తమదని రెండు రాష్ట్రాలూ చాలా కాలంగా వాదిస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో వాటిలో మూడు గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరిపింది. ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ మూడు గ్రామాలకూ రెండేసి పేర్లు. ఆంధ్ర లెక్కలో పట్టుచెన్నూరు అయినది ఒడిశా లెక్కలో ఫట్టుసినేరి. ఒక పేరు రాస్తే ఒక పక్షం వహించినట్టు, రెండో పేరు రాస్తే రెండో పక్షం వహించినట్టు అవుతుంది.

మరి రెండు వాక్యాల్లో దీన్ని ఎలా చెప్పాలి? "ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవని చెప్పే కొటియా గ్రామాల్లో మూడింటిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు నిర్వహించింది. వీటిని ఆక్షేపిస్తూ ఒడిశా సుప్రీంకోర్టును ఆశ్రయించింది." ఇలా రాసి, ఒక తెలుగు పత్రిక, ఒక ఒడియా పత్రిక, రెంటినీ ఆధారంగా ఇస్తే సరిపోతుంది. "ఆక్రమించింది" అనో, "హక్కు నిలబెట్టుకుంది" అనో రాస్తే అది వార్త కాదు, వాదన. గ్రామం పేరు తప్పనిసరైతే రెండు పేర్లూ ఇవ్వండి.

గమనించారా? రెండు లిపులూ చదవగలిగినవారు తప్ప ఈ పని సరిగా చేయలేరు. హైదరాబాదులో కూర్చున్న తెలుగు పాఠకుడికి ఒడియా పత్రిక అందదు. భువనేశ్వర్‌లోని ఒడియా పాఠకుడికి తెలుగు పత్రిక అందదు. రెండూ చదివేది మనమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో నేర్చుకున్నందుకు మనకు దక్కిన లాభం ఇది. యానాం ఆంధ్రప్రదేశ్‌లో ఉందని దూరపువారెవరో పొరపాటున రాస్తే, ముందుగా మన కంటికే పడుతుంది. "సవరించు" నొక్కి దిద్దవలసిందీ మనమే.

అంకెల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపంలో తీరం దాటింది. గాలి ఉధృతి మొదట శ్రీకాకుళం తీరాన కనిపించింది. కానీ ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి బారాఘర గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయిన వార్త ఆ తరువాత గానీ వెలుగులోకి రాలేదు. రోడ్లు తెగిన కొండ ఊళ్ళ వార్త ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. అందుకే విపత్తు జరిగిన రోజున "ఇంతమందే మరణించారు" అని తేల్చి రాయకూడదు. "కనీసం ఇంతమంది" అనీ, "ఫలానా అధికారుల ప్రకటన ప్రకారం" అనీ రాయాలి. రెండు రోజుల తరువాత మళ్ళీ వచ్చి అంకె సరిచేయాలి. రాయడం సగం పనైతే, తిరిగి వచ్చి సరిచూడడం మిగతా సగం.

మరి నేను కళ్ళారా చూసినదాన్ని రాయవచ్చా అని మీరు అడగవచ్చు. మీరు చూసింది నిజమే కావచ్చు. అయినా చదివేవారికి దాన్ని సరిచూసుకునే దారి లేదు కనుక వికీపీడియా అంగీకరించదు. మీ ఊరి సంగతి మండల విలేకరికి చెప్పండి. జిల్లా కలెక్టరు కార్యాలయం ప్రకటన ఇచ్చిందేమో చూడండి. ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు వినండి. వార్త ఎక్కడైనా నమోదైతే, అప్పుడు దాన్ని ఆధారంగా చూపండి.

చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. సొంత పార్టీ గురించి, సొంత వ్యాపారం గురించి రాయకండి. నేరం రుజువు కాని మనిషిని నేరస్థుడనకండి. "ఆరోపణ" అన్న మాటకు ఎంతో విలువ ఉంది. ప్రమాదంలో చనిపోయిన సామాన్యుల పేర్లు రాయనక్కరలేదు. ఎవరైనా మీ వాక్యాన్ని తీసేస్తే కోపం తెచ్చుకోకండి. "చర్చ" పుటలో కారణం అడగండి. ఆధారం గట్టిదైతే వాక్యాన్ని మళ్ళీ నిలబెట్టవచ్చు.

ఇంకొక సంగతి. మన ఊరి చెరువుకు గండి పడితే మనకది పెద్ద వార్తే. దేశదేశాల వార్తలుండే పుటలో దానికి చోటు దొరకకపోవచ్చు. అలాంటి విషయాలకు తెలుగు వికీపీడియాలో ఆ ఊరి పుటే తగిన చోటు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలకు అక్కడ పుటలు విరివిగా ఉన్నాయి. మన సరిహద్దు ఊళ్ళకు ఉన్నాయేమో మీరే వెతికి చూడండి. లేకపోతే మొదటి వాక్యం మీదే కావచ్చు. ఊరు ఏ జిల్లాలో ఉంది, ఏ నది ఒడ్డున ఉంది, ఏ ఏడు వరద వచ్చింది, ఏ ఏడు వంతెన వచ్చింది, ఈ నాలుగు సంగతులు ఆధారాలతో చాలు.

ఇదంతా ఎందుకు అంటారా? రేపు మన పిల్లలు తమ ఊరి గురించి వెతికేది అక్కడే. బాధితులకు సాయం అందలేదని అర్జీ పెట్టుకునేవారికి తేదీ, ఆధారం కావలసి వస్తాయి. ఎక్కడా నమోదు కాని వరదను కొన్నేళ్ళు గడిచాక ఎవరూ నమ్మరు. రెండు రాష్ట్రాల నడుమ ఉన్న మన వార్త ఇద్దరికీ పట్టక జారిపోకుండా ఉండాలంటే, దాన్ని రెండు చేతులతో పట్టుకోవలసింది రెండు భాషలు తెలిసిన మనమే.

ఈ వారం ఒక్క వార్త ఎంచుకోండి. రెండు భాషల్లో చదవండి. రెండు వాక్యాలు రాయండి. చివర ఆధారం పెట్టండి. ఆ తరువాత రెండో వార్త రాయడానికి మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.