ఎన్ని ప్రతులు అచ్చొత్తించవలెను?

ఇంటి పెద్దలు వ్రాసి యుంచిన పద్యములనో, వంశచరిత్రనో పుస్తకముగా వెలువరింపదలచి ముద్రణాలయమునకు పోయినవారికి ఎదురగు మొదటి ప్రశ్న, "ఆఫ్‌సెట్టా, డిజిటలా?" అనునది. దీనికి సమాధానము చాలవరకు మనకు కావలసిన ప్రతుల సంఖ్యలోనే కలదు. అది ఎట్లో విన్నవించెదము.

ఆఫ్‌సెట్ పద్ధతికి మూలము నూనెకును నీటికిని గల వైరము. పలుచని అల్యూమినియము రేకుపై అక్షరములున్న చోటు జిడ్డుసిరాను గ్రహించును. తక్కిన చోటు తడిని నిలుపుకొని సిరాను అంటనీయదు. ఆ సిరా మొదట రబ్బరు పొరపైకి, దానినుండి కాగితముపైకి దిగును. 1904 ప్రాంతమున అమెరికాలో ఐరా రూబెల్ అను ముద్రాపకుని యంత్రమున ఒకసారి కాగితము పడకపోగా, సిరా రబ్బరుకు అంటి, తరువాతి కాగితము వెనుకవైపున మరింత స్ఫుటముగా పడెనట. ఆ పొరపాటే ఈ పద్ధతికి దారి చూపినదని చెప్పుదురు. రంగుల పుటకు సాధారణముగా నాలుగు రేకులు కావలెను. వానిని సిద్ధపరచి, యంత్రమునకు బిగించి, రంగులు కుదురువరకు కొంత కాగితము వృథా చేయవలెను. ఈ ప్రారంభవ్యయము పది ప్రతులకైనను పదివేలకైనను ఒక్కటే.

డిజిటల్ ముద్రణలో రేకు లేదు. కంప్యూటరులోని పుట నేరుగా కాగితముపైకి వచ్చును. కొన్ని యంత్రములు విద్యుదావేశముతో పొడిసిరాను ఆకర్షించి, వేడితో అంటించును. 1938 అక్టోబరు 22న న్యూయార్కులో చెస్టర్ కార్ల్‌సన్ చేసిన ప్రయోగము దీనికి పునాది. మరికొన్ని సిరాను సన్నని తుంపరలుగా చల్లును. ఇందు ప్రారంభవ్యయము స్వల్పము. కాని మొదటి ప్రతికెంతో వెయ్యవ ప్రతికిని దాదాపు అంతే.

లెక్కకొరకు ఇట్లనుకొందము. ఆఫ్‌సెట్ ప్రారంభవ్యయము 18,000 రూపాయలు, ఆపైన ప్రతికి 40. డిజిటల్‌లో ప్రతికి 100. అప్పుడు 300 ప్రతులవద్ద రెండును సమానము. 100 ప్రతులకు ఆఫ్‌సెట్ 22,000, డిజిటల్ 10,000. వేయి ప్రతులకో, ఆఫ్‌సెట్ 58,000, డిజిటల్ లక్ష. ప్రతి 58 రూపాయలకే వచ్చునన్న ఆశ ఇక్కడనే పుట్టును. కాని 200 మందియే చదివినచో, చదువబడిన ప్రతి వెల 290 రూపాయలు!

ఈ పాఠము మేము అనుభవమున నేర్చితిమి. మా తండ్రిగారి వ్యాసములను చవుకయని వేయి ప్రతులు వేయించితిమి. పంచినవి 200 మించలేదు. తక్కినవి అటక నెక్కినవి. వానిని చెదలు చదివినవి. అంతకన్న బాధాకరము, అంకితపు పుటలో మా నాయనమ్మ పేరే తప్పుపడినది. వేయి ప్రతులలోను అదే తప్పు! ముందు 20 ప్రతులు మాత్రము డిజిటల్‌లో తీయించి యున్నచో, దానిని దిద్దుకొని యుందుము.

అట్లని ఆఫ్‌సెట్‌ను చులకన చేయరాదు. వేలకొలది పాఠ్యపుస్తకములకు, క్యాలెండర్లకు, ప్రత్యేకపు రంగులు కోరు పనులకు అదియే తగినది. ఒక్కొక్క ఆహ్వానముపై ఒక్కొక్కరి పేరు వేయవలెనన్న డిజిటల్ మేలు.

కావున ముద్రణాలయమునకు పోవుటకు ముందే, పుస్తకము నిజముగా ఎవరి చేతికి చేరవలెనో వారి పేర్లు వ్రాసికొనుడు. ఆ సంఖ్యకు రెండు పద్ధతులలోను వెల అడుగుడు. చిత్తుప్రతిని ఇంటిలో ఇద్దరిచేత చదివించుడు. తరువాతనే యంత్రమును తిరుగనిండు.