నీటి ఎలుగుల జాతినిర్ణయము

నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు ఘాటుదారిలో వానకాలమున రాళ్ళపైనను, చెట్ల మొదళ్ళపైనను నాచు పచ్చని మెత్తవలె పెరుగును. ఆ దారిలోని లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దరిదాపులకు దిగిన సందర్భములు కలవు. వేసవి వచ్చుసరికి అదే నాచు ఎండి, చేతితో నలిపినచో పొడియగును. తొలకరి పడగానే మరల పచ్చబడును. నాచు సంగతి అటుండగా, అటువంటి మెత్తలలో కాపురముండు జంతువులు ఎండిన ఆ నెలలన్నియు ఏమగుచున్నవి? ఈ ప్రశ్న వేసికొని సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవారికి ప్రపంచమున అనేక దేశములలో కనిపించిన జంతువు ఒకటి కలదు. దానిని నీటి ఎలుగు అందురు. మన నాచులలోనే కాదు, అంటార్కిటికా ఖండపు రాళ్ళను అంటిపెట్టుకొనియున్న నాచులో కూడ దీని కుటుంబమువారు ఉన్నారు.

జర్మనీ దేశపు మతగురువు గోయెజ్ 1773లో దీనిని వర్ణించి "చిన్న నీటి ఎలుగు" అని పిలిచెను. ఇటలీవాడైన స్పల్లంజాని 1776లో దాని నడక చూచి "మెల్లగా అడుగువేయునది" అను అర్థము వచ్చు పేరు పెట్టెను. దానినుండియే టార్డిగ్రేడా అను వర్గనామము ఏర్పడినది. పెద్దవానిలో సైతము పొడవు ఒక మిల్లీమీటరును మించుట అరుదు. చాలవరకు అందులో సగమైనను ఉండవు. ఎముకలు లేవు. నాలుగు జతల పొట్టి కాళ్ళు, వాని కొనలయందు గోళ్ళు ఉండును. నీరు ఎండిపోవునపుడు ఈ జంతువు కాళ్ళను లోనికి ముడుచుకొని చిన్న పీపా ఆకారము పొందును. దేహములోని నీరు దాదాపు అంతయు పోయి, జీవక్రియ ఆగినట్లే యుండును. తడి తగిలినప్పుడు తిరిగి లేచి నడచును.

చలికి కూడ ఇది ఇట్లే ఓర్చుకొనగలదు. 1983లో జపాను శాస్త్రజ్ఞులు తూర్పు అంటార్కిటికాలో నాచు సేకరించి, సున్నకు 20 డిగ్రీల దిగువన గడ్డకట్టించి భద్రపరచిరి. 2014లో దానిని కరిగించి చూడగా అందులో రెండు నీటి ఎలుగులు కదలినవి, ఒక గ్రుడ్డు పొదిగినది. ముప్పది సంవత్సరములు గడచిన తరువాత! ఈ జంతువు జాతి ఎక్యూటంకస్ అంటార్క్టికస్. రిఖ్టర్స్ అను శాస్త్రజ్ఞుడు దీనిని 1904లోనే వర్ణించియుండెను.

ఇన్ని వేల మైళ్ళ మంచు నడుమ చెదరియున్న రాతినేలలలో ఒకచోట దొరికిన జంతువు, మరొకచోట దొరికినది ఒకే జాతియని ఎట్లు చెప్పగలము? ఇది పేర్ల ముచ్చట మాత్రమే కాదు. అంటార్కిటికాలో మంచు కప్పని నేల నూటికి ఒక పాలు కూడ లేదు. ఒక జాతి ఒకే రాతిగుట్టమీద బ్రతుకుచు, దానిని మనము అన్నిచోట్ల దొరకు వేరొక జాతి పేరుతో జాబితాలో వ్రాసినచో, ఆ గుట్టమీద అది నశించినను ఎవరికిని తెలియదు. భారతదేశపు మైత్రి కేంద్రము 1989నుండి పనిచేయుచున్న షిర్మాకర్ ఒయాసిస్సు అట్టి రాతినేలలలో ఒకటి. అక్కడి నాచును పరిశీలించిన మన శాస్త్రజ్ఞులు నులిపురుగులు, రోటిఫెరులు, నీటి ఎలుగులు మొదలగు జీవులను గుర్తించిరి.

జాతిని తేల్చుటకు మొదటి సాధనము దేహనిర్మాణము. జంతువును గాజుపలకపై అమర్చి, శక్తివంతమైన సూక్ష్మదర్శినితో భాగభాగముగా కొలతలు తీయుదురు. దేహముపై కవచమువంటి పలకలు కలవా, లేక పైపొర నునుపుగా ఉన్నదా? తలయందు మీసములవంటి తంతువులు కలవా? గోళ్ళు జంటగా కలిసియున్నవా, వాని కొమ్మలు సమానమా? ఆహారనాళము మొదట ఒక సన్నని గొట్టము, దాని ఇరుప్రక్కల నాచు కణములను పొడిచి రసము పీల్చుటకు రెండు సూదులు, వెనుక కండగల గ్రసని, అందులో చిన్న కడ్డీలు ఉండును. ఆ కడ్డీల సంఖ్య, పొడవు కూడ లెక్కకు వచ్చును. గ్రుడ్డుపైనున్న ముళ్ళ ఆకారము మరియొక ముఖ్య లక్షణము. కొన్ని ప్రజాతులలో గ్రుడ్డు చూడనిదే జాతి పేరు చెప్పుటకు సాహసింపరు.

ఈ పద్ధతిలో చిక్కులు లేకపోలేదు. పాము కుబుసము విడచినట్లే నీటి ఎలుగు తన పైపొరను విడచును. అప్పుడు నోటిలోని గొట్టము, సూదులు కూడ పోయి, క్రొత్తవి ఏర్పడవలెను. ఈ దశలో దొరికిన జంతువును వింత జాతిగా పొరబడు అవకాశము కలదు. ఎదిగిన కొలది కొలతలును మారును. అన్నిటికంటె పెద్ద చిక్కు, చూచుటకు ఒకే తీరున ఉండి నిజమునకు వేరైన జాతులు.

అందుచే జన్యువుల సాక్ష్యము అవసరమైనది. ఒక్క నీటి ఎలుగులో సుమారు వేయి కణములు మాత్రమే ఉండును. దానినుండి వచ్చు డి.ఎన్.ఏ. అత్యల్పము. కనుక కావలసిన ముక్కను ఎన్నుకొని, వేడిచేయుట చల్లార్చుట అను ఆవృత్తులతో దానికి నకళ్ళు తీయుదురు. ఆవృత్తికొకసారి సంఖ్య రెట్టింపగును. 30 ఆవృత్తులలో ఒక అణువు, సిద్ధాంతరీత్యా, 107 కోట్లకు చేరును. గణితము తరగతిలో రెండు యొక్క ఘాతములను నేర్చిన విద్యార్థి దీనిని సరిచూచుకొనవచ్చును. మైటోకాండ్రియాలోని ఒక జన్యువు త్వరగా మారునది గనుక దగ్గరి జాతులను విడదీయుటకు పనికివచ్చును. రైబోసోములకు సంబంధించిన మరియొక జన్యువు బహు నెమ్మదిగా మారును. వంశవృక్షపు పెద్ద కొమ్మలకు అదియే ఆధారము. డి.ఎన్.ఏ. తీసిన పిమ్మట మిగిలిన పైపొరను పారవేయక గాజుపలకపై భద్రపరచు పద్ధతియు కలదు. అప్పుడు ఒకే జంతువు రెండు విధముల సాక్ష్యమిచ్చును.

జన్యువు చెప్పినదే తుదితీర్పా? కాదనుటకు ఒక మంచి కథ కలదు. ఇంగ్లండులో 1987లో ఒక చెరువునుండి తెచ్చి పెంచిన నీటి ఎలుగును ప్రయోగశాలలన్నియు హిప్సిబియస్ డుజార్డిని అను పేరుతో పిలుచుచుండెను. 2015లో అమెరికాలోని ఒక బృందము దీని జన్యువులలో దాదాపు ఆరవ వంతు ఇతర జీవులనుండి వచ్చినవేయని ప్రకటించెను. ఎడింబరోలోని మరియొక బృందము అదే జంతువును పరీక్షించి, వానిలో అధికభాగము నమూనాలో కలసిన బాక్టీరియా మొదలగువానివని చూపెను. జంతువుతోబాటు అది తిన్న తిండిని, దానిపైనున్న సూక్ష్మజీవులను కూడ చదివినట్లైనది. అంతటితో ఆగలేదు. డుజార్డిని జాతి మొదట వర్ణింపబడినది ఫ్రాన్సులో. పోలెండు శాస్త్రజ్ఞులు ఫ్రాన్సునుండి తెచ్చిన జంతువులతో దీనిని ఆకారమునందును, జన్యువులందును పోల్చి, ఇది అసలు డుజార్డినియే కాదని 2018లో తేల్చిరి. దాని పేరిప్పుడు హిప్సిబియస్ ఎగ్జెంప్లారిస్. జన్యువులన్నియు చదివిన తరువాత జంతువు పేరు తప్పని తెలియుట చిత్రమే! డుజార్డిని అను పేరు ధ్రువప్రాంతపు పాత జాబితాలలో కూడ కనిపించును. వానిలో ఏది నిజమైనదో తిరిగి చూడవలసియున్నది.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణము అంటార్కిటికా సమీపములోని కింగ్ జార్జి దీవినుండి వచ్చినది. అక్కడి మంచినీటిలో దొరికిన నీటి ఎలుగులను కొరియా శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పెంచిరి. అవి పెట్టిన గ్రుడ్లపై ముళ్ళు ఒకే తీరుగా లేవు. పాత పద్ధతిలో చూచినచో వానిని వేర్వేరు జాతులుగా వ్రాయుటకు వీలున్నది. కాని జన్యువులు అన్నియు ఒకే జాతియని చెప్పినవి. గ్రుడ్డు మారునదియను అర్థములో 2020లో దానికి డాక్టిలోబయోటస్ ఓవిమ్యూటాన్స్ అని పేరిడిరి. అంతకు ముందే, 2016లో, ఎక్యూటంకస్ అంటార్క్టికస్ జన్యువులను అంటార్కిటికాలోని దూరదూర స్థలములనుండి తెచ్చి పోల్చిన శాస్త్రజ్ఞులు అది నిజముగనే ఆ ఖండమంతట వ్యాపించిన ఒక జాతియని నిర్ణయించిరి. ఇక్కడ ఆకారము చెప్పిన మాటయే నిలిచినది.

నర్సీపట్నపు ఉన్నత పాఠశాలలో జన్యువులు చదువు యంత్రములు ఉండవు. అయినను మొదటి మెట్టు అక్కడనే ఎక్కవచ్చును. గోడమీది ఎండిన నాచును రూపాయి బిళ్ళంత తీసి, మట్టివైపు పైకి వచ్చునట్లు పళ్ళెములోని వాననీటిలో బోర్లించి, ఒక రాత్రి ఉంచవలెను. ఉదయమున నాచును పిండి, అడుగున దిగిన మడ్డిని సూక్ష్మదర్శినిలో మొదట తక్కువ పెంపుతో చూడవలెను. మొదటిసారియే నీటి ఎలుగు దొరకకపోవచ్చును. నులిపురుగులు, రోటిఫెరులు తరచుగా కనిపించును. దొరికినచో కాళ్ళు లెక్కించి, గోళ్ళ బొమ్మ గీసి, నాచు తీసిన గోడ ఎటువైపు ఉన్నదో, ఏ తేదీయో, ఎండలోనిదో నీడలోనిదో పొట్లముపై వ్రాయవలెను. ఏండ్లు గడచిన పిమ్మట ఆ జాతిని పరీక్షింపదలచినవాడు మొదట వెదకునది ఆ చీటియే.