పట్నంలో వద్దన్న అంతస్తు

కాలనీలో ఎత్తు పెరగొద్దంటాం, ఊరవతల పొలం పోవద్దంటాం. మరి కొత్త ఇల్లు ఎక్కడ లేవాలి?

2023 జనవరిలో జగిత్యాల చుట్టుపక్కల రైతులు రోడ్ల మీద బైఠాయించారు. మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో నర్సింగాపూర్, తిమ్మాపూర్, అంబారిపేట వంటి ఊళ్ల పొలాలు రిక్రియేషన్ జోన్, పబ్లిక్–సెమీ పబ్లిక్ జోన్ల కింద పడ్డాయి. మ్యాపులో ఆ రంగు పడ్డాక భూమి అమ్మబోతే కొనేవాడుండడని, ఇల్లు కట్టుకోబోతే పర్మిషన్ రాదని వాళ్ల భయం. అవే రోజుల్లో కామారెడ్డిలో ఇండస్ట్రియల్ జోన్ మీద ఇంకా పెద్ద గొడవ నడిచింది. అక్కడ ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. చివరికి రెండు మున్సిపాలిటీల పాలకవర్గాలూ తమ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించాయి.

రైతుల పంతం నెగ్గింది. పట్నానికి వచ్చేవాళ్లకు జాగా ఎక్కడన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

గల్లీ సన్నం, ఇల్లు ఎత్తు

ఉత్తర తెలంగాణలో ఆ ప్రశ్న ఎక్కువగా తగిలేది కరీంనగర్‌కే. 2005లో కార్పొరేషన్ అయిన ఈ నగరంలో 2011 లెక్కల ప్రకారం 2.61 లక్షల జనం. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల వైపు నుంచి వైద్యానికి, చదువుకు వచ్చేవాళ్లు వేరే. మంకమ్మతోట, జ్యోతినగర్, భగత్‌నగర్ లాంటి కాలనీల్లో పాత డాబా ఇల్లు కూల్చితే లేచేది మళ్లీ డాబా ఇల్లు కాదు. దవాఖానో, హాస్టలో, కిరాయి వాటాలో లేస్తాయి.

ఇందులో చాలావరకు చట్టం ఒప్పుకున్నదే. ప్లాటు మీద ఇన్ని చదరపు అడుగులే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని మన దగ్గర 2006లోనే ఎత్తేశారు. ఇప్పుడు ప్లాటు సైజు, ఎదురు రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్ కలిసి ఎత్తును తేలుస్తాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో, అంటే సుమారు 120 నుంచి 240 గజాల్లో, 10 మీటర్ల ఎత్తు లేపొచ్చు. చిన్న రోడ్డయితే ముందు మీటరున్నర, మిగతా వైపులా మీటరు వదిలితే చాలు. పక్కపక్కన ఇద్దరూ అలాగే కడితే రెండు గోడల నడుమ మిగిలేది రెండు మీటర్లు. 2020లో వచ్చిన టీఎస్‌ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల ప్లాటు, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే పర్మిషన్ వస్తుంది. పైన పెంట్‌హౌస్, కింద పార్కింగ్ జాగాలో దుకాణం లేచాయంటే అది నియమం లోపం కాదు, తనిఖీ లోపం.

ఇద్దరి మాటా నిజమే

పాత కాపురస్తుల గోడు ఒకటి. ఒక కుటుంబం ఉన్న చోట ఆరు వాటాలు పడితే నల్లా పైపు అదే, మోరీ అదే, గల్లీ అదే. బండ్లు రోడ్డు మీదే నిలుస్తాయి. కిరాయిదారు మాట ఇంకొకటి. నైట్ డ్యూటీ చేసే నర్సుకు, కోచింగ్‌కు వచ్చిన పిల్లవాడికి నడిచేంత దూరంలో గది దొరికిందంటే ఆ అదనపు అంతస్తు వల్లనే. అది లేకపోతే వాళ్లు ఊరవతలికి పోవాలి. ఊరవతల వెంచర్ లేచేది ఎవరో ఒకరి పొలంలోనే. పక్కనున్న మావల దిక్కు సాగుతున్న ఆదిలాబాద్‌దీ ఇదే కథ.

అమెరికాలో మినియాపోలిస్ నగరం, ప్లాటుకు ఒక్క కుటుంబమే ఉండాలన్న జోనింగ్‌ను ఎత్తేయాలని 2018లో నిర్ణయించింది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ 2016లో నివాస ప్రాంతాల్లో చాలా చోట్ల ఇళ్ల సంఖ్య పెంచుకోనిచ్చింది. అక్కడ జనం కొట్లాడింది అంతస్తులకు చట్టం అడ్డుపడుతోందని. మన దగ్గర చట్టం తలుపు తెరిచే ఉంది, సౌకర్యాలే వెనకబడ్డాయి.

డబ్బు కట్టించుకునే తీరు చూసినా ఇదే తెలుస్తుంది. పది శాతం ఖాళీ జాగా వదలని వెంచర్‌లో ప్లాటు కొన్నవాళ్లు 2020 ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద ఆ లోటుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. డబ్బు ఖజానాకు చేరుతుంది. ప్లాటు పక్కా అవుతుంది. పిల్లలు ఆడుకోవాల్సిన పార్కు మాత్రం ఆ కాలనీలో పుట్టదు.

అడగాల్సింది ఏమిటి?

కాలనీవాళ్లు, రైతులు ఎదురెదురు పక్షాలు కారు. పట్నంలో వద్దన్న ప్రతి అంతస్తూ పొలంలో వెంచర్ అవుతుంది. కాబట్టి 30 అడుగులకు పైగా రోడ్డు, సరిపడా డ్రైనేజీ ఉన్న చోట ఎత్తు పెరగనివ్వాలి. అవి లేని సన్న గల్లీలో ముందు మోరీ వేసి, ఆ తర్వాతే అంతస్తులకు ఒప్పుకోవాలి. కట్టించుకున్న రుసుము ఆ కాలనీలోనే ఖర్చు కావాలి.

ముసాయిదా మీద అభ్యంతరాలు చెప్పుకునే హక్కు చట్టమే ఇచ్చింది. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలి. ఈసారి మ్యాపు ఆఫీసు గోడకు అతికించి ఊరుకోకుండా ఆ కమిటీల ముందుకు తెమ్మనండి. మీ గల్లీకి ఏ రంగు వేశారో, ఎన్ని అంతస్తులు రాశారో చదివి వినిపించమనండి. రద్దు కోసం రోడ్డెక్కే బదులు, గీసేటప్పుడే పక్కన కూర్చుందాం.