పరుగెత్తని రన్

చీరల దుకాణంలో పట్టుచీర మడత విప్పి చూపిస్తూ, "రన్నింగ్ బ్లౌజ్ వస్తుందమ్మా" అంటాడు సేల్స్‌మన్. అదే వీధిలో గ్రానైట్ షాపతను వంటింటి గట్టు అంచుకి నునుపు పట్టడానికి 'రన్నింగ్ ఫుట్' లెక్కన ధర చెబుతాడు. రోడ్డు వేస్తున్న కాంట్రాక్టరు పని సగంలో ఉండగానే 'రన్నింగ్ బిల్లు' పెట్టుకుంటాడు. రైళ్ళు నడిపే లోకో పైలట్లు డ్యూటీ దిగాక నడుం వాల్చే విశ్రాంతి గదికి రైల్వేలో పేరు 'రన్నింగ్ రూమ్'. వీటిలో ఎక్కడా ఎవరూ పరుగెత్తరు.

బడి పుస్తకంలో మాత్రం రన్ అంటే పరుగెత్తడం. పక్కన ఓ పిల్లవాడి బొమ్మ కూడా ఉంటుంది. ఆ ఒక్క అర్థం పట్టుకుని ఇంగ్లీషులోకి అడుగుపెట్టిన పిల్లలకి ముక్కు రన్ అవుతుందని, నది రన్ అవుతుందని, హోటల్‌ని రన్ చేస్తారని తెలిసినప్పుడు తికమక పుట్టడం సహజం. తప్పు పిల్లలది కాదు. మూడక్షరాల ఆ మాటే అంత పెద్దది.

ఎంత పెద్దదో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ లెక్క తేల్చింది. 1989లో వెలువడిన రెండో కూర్పులో అత్యధిక అర్థాలున్న క్రియ 'సెట్'. దానికి 430 అర్థాలిచ్చారు. ఆ వివరణే 60,000 మాటల దాకా సాగింది, ఓ చిన్న నవలంత! తర్వాత మూడో కూర్పు కోసం 'ఎం' అక్షరం నుంచి సవరణ మొదలుపెట్టారు. 2000లో 'మేక్', 2007లో 'పుట్' నిడివిలో ఆ రికార్డును దాటాయి. 2011లో 'రన్' వంతు వచ్చింది. ఆ ఒక్క మాట మీద పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు సుమారు 9 నెలలు కూర్చున్నారు. చివరికి క్రియగానే 645 అర్థాలు తేలాయి. నామవాచకంగా ఉన్నవి వేరే.

ఇన్ని అర్థాలకి ఊట ఎక్కడుంది? జవాబు నీళ్ళలో దొరుకుతుంది. ఈ మాటకి పాత ఇంగ్లీషులో ఉన్న పూర్వరూపాలకి పరుగెత్తడంతో పాటు పారడం అనే అర్థమూ ఉండేది. దీనికి చుట్టమైన జర్మన్ మాట 'రిన్నెన్'కి ఇప్పటికీ పారడం, కారడం అనే అర్థం. కాళ్ళ వేగం కన్నా తెగకుండా ముందుకు సాగడమే ఈ మాటకి ఆయువుపట్టు. అది అందితే పై చిక్కుముళ్ళు వాటంతటవే విడిపోతాయి. చీర నేతలోనే తెగకుండా సాగిన జాకెట్టు గుడ్డ రన్నింగ్ బ్లౌజ్. అంచు పొడవునా ఎంత సాగితే అంత కొలత రన్నింగ్ ఫుట్. పని ఆగకుండా సాగుతుండగా ఇచ్చేది రన్నింగ్ బిల్లు. రైలుతో పాటు సాగే లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్లు (పాత పేరు గార్డులు) రైల్వే లెక్కలో 'రన్నింగ్ స్టాఫ్', కాబట్టి వాళ్ళ గది రన్నింగ్ రూమ్. వాళ్ళకొచ్చే 'రన్నింగ్ అలవెన్స్' కూడా రైలు మీద సాగిన కిలోమీటర్లను బట్టే.

యంత్రాలొచ్చాక ఈ మాటకి ఎదురు లేకుండా పోయింది. గడియారం, ఆవిరి యంత్రం, రైలు, మోటారు, ఆ తర్వాత కంప్యూటర్... ఆగకుండా సాగే ప్రతిదాన్నీ ఇంగ్లీషు రన్‌కే అప్పగించింది. అర్థాలు ఇంతగా పెరగడానికి పెద్ద కారణం అదే.

తెలుగు ఈ పని వేరేలా చేసింది. మన 'పరుగు' ఆత్రాన్ని, తొందరని వదలదు. ఉరుకులు పరుగులు అంటాం, ధరలు పరుగులు తీస్తున్నాయంటాం. నిలకడగా సాగే పనులకి దాన్ని వాడం. ఇంగ్లీషువాళ్ళు బడిని, పత్రికని, ప్రభుత్వాన్ని పరుగెత్తిస్తే మనం నడుపుతాం. కాపురం నడుస్తుంది, కేసు నడుస్తుంది, బస్సు గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నా నడుస్తూనే ఉంటుంది. ఫ్యాను తిరుగుతుంది. మిల్లు ఆడుతుంది, సినిమా కూడా ఆడుతుంది. ఏరు పారుతుంది, ముక్కు కారుతుంది. చీర ఉతికితే రంగు దిగుతుంది. దాదాపు వీటన్నిటికీ ఇంగ్లీషులో రన్ సరిపోతుంది. మనకి ఒక్కో పనికి ఒక్కో క్రియ ఉంది, ప్రతిదాన్లో ఆ పని కదలిక కనిపిస్తుంది. ఇది భాషకున్న నిజమైన సంపద. అయితే 'పారు' దగ్గర రెండు భాషలూ కలుసుకోవడం ఎంత అందమో! నీళ్ళు పారతాయి, దొంగ పారిపోతాడు. పారడం, పరుగు ఒకే మాటలో ఇమిడిపోవడం మనకీ ఉంది.

మరో తేడా వంటింట్లో ఉంది. ఉప్పు అయిపోతే ఇంగ్లీషు ఇల్లాలు దానికీ రన్‌నే వాడి 'రన్ అవుట్' అంటుంది. మన పెద్దవాళ్ళు 'అయిపోయింది' అనే మాటే నోట రానివ్వరు, "ఉప్పు నిండుకుంది" అంటారు. లేదనడం అశుభమని, ఖాళీ అయినదాన్ని నిండిందని చెప్పే మర్యాద అది. నిఘంటువు చూసి దీన్ని అనువదించబోతే అర్థం తలకిందులవుతుంది.

ఎన్నికల మాట మరీ ఆసక్తికరం. అమెరికాలో అభ్యర్థి పదవికోసం 'రన్' చేస్తాడు. బ్రిటన్‌లో 'స్టాండ్' అంటారు, అంటే నిలబడతాడు. ఆ విషయంలో తెలుగు బ్రిటన్ పక్షమే. సర్పంచి మొదలు పార్లమెంటు దాకా మనవాళ్ళు ఎన్నికల్లో నిలబడతారు. అధ్యక్ష అభ్యర్థితో జోడీగా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసేవాణ్ణి అమెరికాలో 'రన్నింగ్ మేట్' అంటారు. అది గుర్రప్పందేల నుంచి వచ్చిన మాట. 2024 జూలైలో ట్రంప్ జె.డి. వాన్స్‌ను తన రన్నింగ్ మేట్‌గా ప్రకటించినప్పుడు, వాన్స్ భార్య ఉషది తెలుగు మూలాలున్న కుటుంబం కావడంతో ఆ కబురు తెలుగు ఇళ్ళల్లోనూ బాగా నలిగింది.

ఇక క్రికెట్. మనలో చాలామందికి రన్ అనే మాట మొదట చెవిన పడేది ఇక్కడే. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో స్కోరు రాసుకునేవాళ్ళు ఒక్కో పరుగుకి కర్ర మీద ఒక్కో గాటు పెట్టేవాళ్ళు. అందుకే అప్పట్లో పరుగుకి 'నాచ్' అనే పేరుండేది, అంటే గాటు. తర్వాత గాటు పోయి రన్ నిలిచింది. బంతి నేలను తాకి బౌండరీ దాటితే బ్యాటర్ కదలకపోయినా ఖాతాలో 4 పరుగులు పడతాయి. కాళ్ళతో నిజంగా పరుగెత్తే ఆటలోనూ ఈ మాట కాళ్ళని వదిలేసి లెక్కగా మారిందన్నమాట.

రన్ భయపెట్టే చోటు కూడా ఒకటుంది. బ్యాంకు మునిగిపోతుందేమోనని డిపాజిటర్లంతా ఒక్కసారిగా సొమ్ము కోసం ఎగబడటాన్ని 'బ్యాంక్ రన్' అంటారు. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం బారులు తీరారు. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు తీసుకునేందుకు ఖాతాదారులు సిద్ధపడ్డారు. ఈసారి వీధిలో బారులకన్నా ఫోన్ తెరల మీద వేళ్ళే ఎక్కువ పరుగెత్తాయి. ఆ మరునాడే బ్యాంకు మూతపడింది.

తెలుగు ఈ మాటని గంపగుత్తగా తెచ్చుకోలేదు. ఎవరి వృత్తికి కావలసిన ముక్క వాళ్ళు తెంపుకున్నారు. సినిమావాళ్ళు 'ఫుల్ రన్‌లో ఎంత వసూలైంది' అని లెక్క వేస్తారు. ప్రభుత్వం కొత్త పథకానికి 'ట్రయల్ రన్' చేస్తుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోడ్ రాసి 'రన్' కొడతారు. "ప్రోగ్రామ్ రన్ అవ్వట్లేదు సార్" అని చెయ్యెత్తే కుర్రాడు 'నడవట్లేదు' అనే మాట కోసం వెతుక్కోడు. ఆ పనీ, ఆ మాటా కలిసే వచ్చాయి కాబట్టి అది అరువు మాటని అతనికి తోచనే తోచదు.

అదే కుర్రాడు పండక్కి ఊరెళితే, రాత్రి కరెంటు వచ్చిన వేళ బావి దగ్గర నిలబడ్డ తండ్రి నోట వేరే మాటలు వింటాడు. మోటరు నడుస్తున్నది, మడి పారుతున్నది, గట్టు మీద కుక్క ఉరుకుతున్నది.