సాగునీటితో పురుగుమందు

కర్నూలు జిల్లా పడమటి భాగంలో వర్షము తక్కువ. అక్కడ జొన్నగిరి, పత్తికొండ పరిసరాలలో టమాటాను, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో పత్తిని విరివిగా పండిస్తారు. ఈ రెండు పైర్లకూ తెల్లదోమ, పేనుబంక వంటి రసము పీల్చే పురుగుల బెడద ఉన్నది. తెల్లదోమ టమాటాకు ఆకుముడత తెగులును గూడ అంటిస్తుంది. ఇవి ఎక్కువగా ఆకుల అడుగున ఉంటాయి గనుక, పైనుండి చల్లిన మందు వాటిపై సరిగా పడదు. ఆ మందును వేళ్లద్వారా పంపవచ్చునా?

తెల్లని పువ్వుగల కాడను ఎర్రసిరా కలిపిన నీటిలో ఉంచితే కొన్ని గంటలకు రేకులు ఎర్రబారుతాయి. ఆకులనుండి నీరు ఆవిరి అవుతున్నకొద్దీ క్రిందినీరు దారునాళాలద్వారా పైకి వస్తుంది. ఆకులనుండి నీరు ఇట్లా ఆవిరి కావడాన్ని బాష్పోత్సేకమంటారు. బిందుసేద్యపు గొట్టాలలో కలిపిన మందు కూడ ఈ మార్గాననే ఆకులకు చేరుతుంది.

అయితే మందు నీటిలో కరగాలి. ఇమిడాక్లోప్రిడ్ లీటరు నీటిలో సుమారు 600 మిల్లీగ్రాములు కరుగుతుంది. సైపర్‌మెత్రిన్ ఒక్క మిల్లీగ్రామైనా కరగదు. అది మట్టికే అంటుకొనిపోతుంది. ఇమిడాక్లోప్రిడ్ సైతం పత్తికాయ లోపల దాగిన గులాబీరంగు పురుగును అదుపు చేయలేదు.

మొదట మంచినీటితో నేలను తడిపి, తరువాత మందునీటిని, చివర గొట్టాలు కడుగుటకు సరిపడునంత మంచినీటిని పారించాలి. అంతకుమించి పారిస్తే మందు వేళ్లను దాటి భూగర్భజలంలోకి దిగవచ్చును. బంకమన్ను, సేంద్రియపదార్థము తక్కువైన ఎర్ర ఇసుక నేలలలో ఈ భయము మరీ ఎక్కువ.

మందును గొట్టంలోనికి లాగుటకు వెంచురి అనే సాధనమును అమర్చుతారు. గొట్టము సన్నబడినచోట నీటివేగము పెరిగి, ఒత్తిడి తగ్గుతుంది. అందువలన ప్రక్కనున్న తొట్టిలోని మందు లోనికి వస్తుంది. కరెంటు పోయి మోటారు ఆగితే గొట్టంలోని నీరు వెనుకకు మళ్లి బోరులో పడవచ్చును. ఆ బోరునీటినే మనుషులూ పశువులూ త్రాగే ఊళ్లలో ఇది ప్రాణాపాయము. కనుక నీటిని ఒకేవైపు పోనిచ్చే కవాటము లేనిదే ఈ పద్ధతిని చేపట్టరాదు.

వేళ్లద్వారా ఎక్కిన మందు పుప్పొడిలోను, మకరందములోను చేరి తేనెటీగలకు హాని చేయగలదు. ఈ కారణముచేతనే ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్‌ను ఆరుబయటి పైర్లకు వాడరాదని నిషేధించింది. మనదేశంలో పురుగుమందులు 1968 నాటి చట్టమునకు లోబడి ఉన్నాయి. సీసాపై ఆ పైరు పేరు, నీటితో ఇచ్చే పద్ధతి, మోతాదు, కోతకు ముందు ఆగవలసిన రోజులు ఉన్నప్పుడే వాడాలి.