చేపపొడి పోయి సోయా వచ్చె... తర్వాత?

అమెరికా నగరం శాన్ రామన్‌లోని పెద్ద దుకాణాల్లో దొరికే పచ్చి రొయ్యల ప్యాకెట్ మీద అవి ఏ దేశానివో, చెరువులో పెంచినవో సముద్రంలో పట్టినవో రాసి తీరాలి. అది అమెరికా చట్టం. ఏం తిని పెరిగాయో మాత్రం రాయక్కర్లేదు. అమెరికాకు రొయ్యలు పంపే దేశాల్లో భారత్ ముందువరసలో ఉంది, అందులో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. కాబట్టి అక్కడి తెలుగు వంటింటి ప్రశ్నకు జవాబు భీమవరం చెరువు గట్టున వెతకాలి. మేతలో చేపపొడి తగ్గించి మొక్కల ప్రోటీన్ పెంచితే సముద్రానికి మేలని చాలామంది అంటున్నారు. నిజమే, కాని ఏ పిండి, ఏ జీవికి, ఎంత అరుగుతుందో చూడకుండా అంటే అది సగం నిజం.

నిజానికి మన చెరువులకు మొక్కల మేత కొత్తేమీ కాదు. కొల్లేరు చుట్టుపక్కల బొచ్చె, రాగండి దశాబ్దాలుగా నూనె తీసిన తవుడు తినే పెరుగుతున్నాయి. సంచి అడుగున చిల్లులు పొడిచి, తవుడు నింపి, నీళ్లలో పాతిన వెదురు గడకు కడతారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర లాక్కుని తింటాయి. కొన్ని గంటల తర్వాత సంచి ఖాళీ అయిందో లేదో చూస్తే రేపటి మోతాదు తేలిపోతుంది. ఆ తవుడులో ప్రోటీన్ 15 శాతం అటూ ఇటూగానే ఉంటుంది. మిగతా లోటును చెరువులో పెరిగే పాచి, సూక్ష్మజీవులు తీరుస్తాయి. ఈ పొదుపు గురించి ప్రపంచం పెద్దగా మాట్లాడదు, అది వేరే సంగతి.

వనామీ రొయ్యతో కథ మారింది. దాని మేతలో సుమారు 35 శాతం ప్రోటీన్ కావాలి. అందుకే పెరూ తీరపు ఆంకోవీ లాంటి చిన్న చేపల పొడి అక్కరకొచ్చింది. 2023లో ఎల్‌నినో దెబ్బకు పెరూలో మొదటి సీజన్ వేట రద్దయింది, పొడి ధర ఎగబాకింది. సోయాపిండిలో 44 నుంచి 48 శాతం ప్రోటీన్ ఉంది కనుక అది సులువైన ప్రత్యామ్నాయంగా కనిపిస్తుంది. అయితే అందులో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, దాన్ని విడిగా కలపాలి. పైగా గింజల్లోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుని ఉంటుంది. ఫైటేజ్ ఎంజైమ్ కలపకపోతే అది అరక్కుండా చెరువులోకే పోయి నీటిని పాడుచేస్తుంది. సాల్మన్‌కు సోయాపిండి ఎక్కువైతే పేగు వాస్తుందని పరిశోధకులు ఎన్నడో గమనించారు. సంచి మీది ప్రోటీన్ శాతం చూసి మేత కొనడం అందుకే చాలదు.

సోయా కోసం బ్రెజిల్‌లో అడవులు నరకడం లేదా అని అడిగేవారి మాట కొట్టిపారేయలేం. అక్కడ సోయా విస్తరణకూ అడవుల నష్టానికీ సంబంధం ఉంది. దానికి జవాబు మళ్లీ చేపపొడి కాదు, మన దగ్గరే దొరికే నూనెగింజల చెక్కలు, తవుడు, ధాన్యం నుంచి ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి. వీటికీ చిక్కులున్నాయి: పత్తిచెక్కలో గాసిపాల్, వేరుశనగ చెక్కకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషాలు ఉంటాయి. ఒమేగా-3 కొవ్వుల మాటెత్తితే, చేపనూనెనో నాచు నూనెనో కొంతయినా ఉంచాల్సిందే. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో 2021లో చూశాం: సోయాపిండి ధర చుక్కలనంటడంతో మేత కంపెనీలు, కోళ్ల రైతులు గగ్గోలు పెట్టగా, ఆగస్టులో కేంద్రం జన్యుమార్పిడి సోయాతో చేసిన పిండి 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతించింది.