ప్రభుత్వ సభలో ప్రార్థన ఎవరిది?

అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీస్ పట్టణ పాలకమండలి 1999 నుండి నెలనెలా సమావేశాన్ని ప్రార్థనతో ఆరంభించేది. 2007 వరకు ప్రార్థించినవారంతా క్రైస్తవులే. ఒక యూదురాలు, ఒక నాస్తికురాలు కోర్టుకెళ్లారు. 2014లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో పట్టణం పక్షాన తీర్పిచ్చింది: యేసు నామమున ప్రార్థించవచ్చు, అయితే ఆ ప్రార్థనలు అదేపనిగా ఇతరులను కించపరిచేవిగానో, మతం మారమనేవిగానో ఉండకూడదు.

మనకు సంతోషమే. కాని తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి ఎలీనా కేగన్ చెప్పిందీ వినాలి. ఆ సభకు జనం అర్జీలతో వస్తారు. తమది కాని ప్రార్థనలో కలవకపోతే, అర్జీ చూడవలసిన అధికారుల ఎదుటే వేరుగా కనబడతారు. మన దగ్గర ప్రభుత్వ భవన శంకుస్థాపనలో భూమిపూజ జరుగుతుంటే, పక్కన నిలబడిన క్రైస్తవ ఉద్యోగికి ఈ ఇబ్బంది ఒకరు చెప్పనక్కరలేదు.